గాజుతొట్టెలో మేత

ఏలూరులో మా పక్కింటి బాబాయి గారు ఎదుటివారి ఆకలి చూడలేని మనిషి. మా కష్టకాలంలో ఆయన ఇంటి అన్నం తిన్నాం, దేవునికి స్తోత్రం.

కొల్లేరు పక్క రొయ్యల చెరువుల్లో ఆయన మేత చూసేవారు. చిన్న ట్రేలో మేత పెట్టి నీళ్ళలోకి దింపి, కాసేపటికి పైకి లాగి చూస్తారు. ఖాళీ అయితే మర్నాడు మేత పెంచుతారు. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో పెంచుకునే సముద్రపు పురుగుకీ అదే పద్ధతి పెట్టారు. ట్రే ఎప్పుడూ ఖాళీగానే వచ్చేది. ఆయన పెంచుతూనే ఉండేవారు.

చిటికెన వేలంత ఉన్న పురుగు మూరెడు దాటింది. ఒళ్ళంతా ఇసుకలో దాచుకుని, కత్తెరలాంటి దవడలు మాత్రం బయటపెట్టేది. తోడుగా వేసిన చేపల్లో ఒక్కటీ మిగల్లేదు.

"పెళ్ళైన దగ్గర్నుంచి నన్ను ఇంకో ముద్ద తినమన్న పాపాన పోలేదమ్మా ఈయన," అని పిన్ని గారు నవ్వేవారు. తొట్టె వైపు మాత్రం చూసేవారు కాదు.

ఒక ఆదివారం నేనక్కడ ఉండగా ట్రే నిండుగానే పైకి వచ్చింది. బాబాయి గారి ముఖం పాలిపోయింది. పురుగు చచ్చిపోయిందేమోనని చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"చెయ్యి పెట్టకండి, మీకు దణ్ణం పెడతాను," అంటూ పిన్ని గారు ఆయన భుజం పట్టుకున్నారు.

"తిండి పెట్టేవాణ్ణి, నన్నేం చేస్తుందే?"

మోచేతి దాకా దించి ఇసుక తడిమారు. నేను కళ్ళు మూసుకుని ప్రభువును వేడుకున్నాను. ఐదు వేళ్ళూ క్షేమంగా పైకి వచ్చాయి. నేను స్తోత్రం చెప్పుకునేలోపే ఆయన మురిసిపోతూ అన్నారు:

"బతికే ఉందర్రా! వేలు పట్టుకుని వదిలేసింది. ట్రేలో తిండి మొహం మొత్తిందంతే. రేపట్నుంచి చేత్తోనే పెడతాను."