పేరు అడిగిన డబ్బా

తీగ లేని వస్తువులంటే నాకు మొదటినుంచీ చులకనే. తీగకు ఒక మర్యాద ఉంది. ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో కంటికి కనిపిస్తుంది. ఈ బ్లూటూత్ అనేది వేలువిడిచిన చుట్టరికం. దగ్గరికొస్తే వరసలు కలుపుతుంది, నాలుగు గదులు దాటితే ఎవరో ఎరగనట్టు ఊరుకుంటుంది. ఆ రోజుల్లో విజయనగరం బజారుకు వెళితే, పెద్దమనుషులనుకున్నవాళ్లు సైతం చెవిలో చింతగింజంత నల్లముక్క పెట్టుకుని గాలితో పోట్లాడుతూ కనిపించేవారు. వెనకటికి అలా తిరిగేవాళ్లను ఇంట్లో పడుకోబెట్టి తాయెత్తు కట్టించేవారు.

మా ఇంటిని ఊళ్లో దివాణం అంటారు. శృంగవరపుకోట వైపు మాకున్న ఊళ్లు తాతగారి నాడే పోయాయి. ఇంటి ముందు సగం నా హయాంలో పోయింది. దాన్ని కొన్నది ఒక బెల్లం వ్యాపారి. కొన్న నెలలోనే హాలు మధ్యన అడ్డుగోడ కట్టాడు. గాలి రావాలనో, ఇటుకలు మిగలాలనో, దాన్ని కప్పుదాకా లేపలేదు. పైన మూరెడు సందు వదిలేశాడు. ఆ సందులోంచి వాళ్ల పోపు వాసన, వాళ్ల టీవీ ఏడుపులు, ఆ తరవాత వాళ్ల బ్లూటూత్ స్పీకరూ మా వైపు వచ్చాయి.

స్పీకరంటే పెద్దదేం కాదు, పొత్రమంత డబ్బా. మీట నొక్కగానే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో అంటుంది. ఒక మధ్యాహ్నం వ్యాపారి తల్లి దాన్ని చంకన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఈ ఊరి బజారులోనే పుట్టి పెరిగింది. నన్ను చిన్నప్పటినుంచీ బాబూ అనే పిలుస్తుంది. కొడుకు కొట్లో ఉన్నాడట, తనకు భజనలు వినాలని ఉందట, ఇది మాత్రం పాడకుండా ఒకటే మాట అంటోందట.

"పేరు అడుగుతన్నాది బాబూ. నా పేరు సెప్పినాను, మావోడి పేరు సెప్పినాను, ఇనుకోదు. మీరు సెప్పి సూడండి. దివాణం పేరంటే ఇంటాది."

నేనూ విన్నాను. డబ్బా నిజంగానే "రెడీ టు పేర్" అంటోంది. జత కలవడానికి సిద్ధమంటోందని అప్పటికి నాకు తెలియదు. తెలుగువాడి చెవికి అది పేరే. మా గుమ్మంలోకి వచ్చి మా పేరు అడగడానికి దానికెన్ని గుండెలు అనిపించింది. అయినా ఆమె ముందు వెనక్కి తగ్గడం ఇష్టంలేక, ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాను. డబ్బా మళ్లీ అదే అడిగింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నా ఫోను తీసుకుని ఏదో నొక్కి, నవ్వు దాచుకుంటూ లోపలికి పోయింది. "కనెక్టెడ్" అంది డబ్బా.

"సూసినారా," అంది ముసలామె. "పేరున్నోల పేరే ఇన్నాది."

నా ఫోన్లోంచి ఆమెకు గంటసేపు భజనలు వినిపించి పంపాం. ఒకసారి కుదిరిన ఆ పొత్తు దానంతటదే మళ్లీ మళ్లీ కుదురుతుందని మాకెవరూ చెప్పలేదు.

ఆ వేసవిలో నాకు ఒకటే దిగులు. వానలు పడేలోగా వెనక గదుల కప్పు బాగుచేయించాలి. అందుకు మిగిలిన దారి పల్లకీ. మా తాతమ్మ కాపురానికి వచ్చిన పల్లకీ, వెనక వసారాలో గొలుసులకు వేలాడుతోంది. పాతసామాన్లు కొనే దళారి ఒకడు వచ్చి చూసి వెళ్లాడు. సముద్రం ఒడ్డున ఏదో హోటల్లో పెట్టి, అందులో పూలకుండీలు సర్దుతారట. బొంగును గోటితో గీకి, చెదలున్నాయా అని అడిగిన మనిషి వాడు. అలాంటివాడికి అమ్మడమే ఒక శిక్ష. అమ్మినట్టు గోడ అవతలికి తెలియడం అంతకన్నా పెద్ద శిక్ష. ఊళ్లు పోయినా, ఇల్లు సగమైనా, అక్కడ నన్ను ఇంకా బాబూ అంటారు. అందుకే ఇక ఇంటికి రావద్దని, ఏ సంగతైనా ఫోన్లోనే చెప్పమని వాడితో అన్నాను.

ఒక ఉదయం మా ఆవిడ ఇంట్లో లేనప్పుడు ఫోను మోగింది. పచ్చగుర్తు నొక్కి చెవిన పెట్టుకున్నాను. చెవిలో చప్పుడు లేదు. హలో అన్నాను. బదులు గోడ పైసందులోంచి వచ్చింది. దళారి గొంతు, పెళ్లి మైకులోంచి వచ్చినంత గట్టిగా.

"పల్లకీకి బండి తెస్తన్నానండి. ఎనకీధిలోకే కదండి? ఎవులికీ తెలీకుండా ఎత్తీద్దాం."

ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను, అలా చేస్తే ఆ గొంతు ఇటు వచ్చేస్తుందన్నట్టు. ఏ మీట నొక్కితే ఆగుతుందో తోచలేదు. అవతల బాణలిలో గరిటె చప్పుడు ఆగింది.

"ఎవుడ్రా నువ్వు?" ముసలామె గొంతు.

బాబుగారు లేరా అని దళారి అడిగాడు. పల్లకీ ఇస్తానన్నారని కూడా చెప్పాడు.

"దివాణంలో పల్లకీ అమ్ముతారేటి? ఆ పల్లకీ ఈధిలోకొస్తే మా అయ్య కొట్టు దిగి, సెప్పులిప్పి నిలబడీవోడు. నువ్వు బండెట్టుకుని రా, నీ కాళ్లిరగ్గొట్టీస్తాను."

దళారి ఫోను పెట్టేశాడు. కాసేపటికి ఆమె మా గుమ్మంలోకి వచ్చింది, చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఎవుడో దొంగెదవ డబ్బాలోకి సొరబడినాడు బాబూ. మన పల్లకీ కావాలంట. తిట్టీసినాను."

ఆమెకు ఎంత అర్థమైందో నాకు ఈనాటికీ తెలియదు. గోడకు ఇవతల నేనన్న హలో ఆమెకు వినపడే ఉండాలి. ఆమె ముఖంలో వెతికాను. అక్కడ రవ్వంత జాలి కనిపించినా, ఆ నిమిషమే దళారిని పిలిచి పల్లకీ ఇచ్చేసేవాణ్ని. కనిపించలేదు.

"మంచి పని చేశావమ్మా," అన్నాను.

మర్నాడు దళారి మళ్లీ ఫోను చేస్తే, అది అమ్మే వస్తువు కాదని చెప్పాను. అమ్ముతానని నీకెవరు చెప్పారని కూడా అడిగాను. ఆ వానాకాలమంతా వెనక గదుల్లో బిందెలు పెట్టుకుని గడిపాం. పల్లకీని మాత్రం కారని మూలకు మార్చాం.

నా ఫోన్లోంచి ఆ పొత్తును మా ఆవిడ తీసేసింది. గోడ అవతల డబ్బా పొద్దున్నే పేరు అడుగుతుంది. ముసలామె మా పేరే చెబుతుంది. మర్యాద తెలియని డబ్బా, మళ్లీ అడుగుతుంది.