నేను పలకని పేరు

సర్పంచ్ సీటు ఆడవాళ్లకు వచ్చిందని మా ఆయన నన్ను నిలబెట్టారు. గెలిచాక కుర్చీలో ఆయన కూర్చునేవారు, సంతకాలు నేను పెట్టేదాన్ని. ఊరంతా నవ్వుకునేది. నాకేం బాధ ఉండేది కాదు. తర్వాత ఆయన ఎమ్మెల్యే అయ్యారు. పదవీకాలం సగం కాకముందే గుండెపోటుతో పోయారు. దినాలు అయ్యీ కాకముందే పార్టీవాళ్లు టికెట్ తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

నేను పాతకాలం మనిషిని. మా ఇళ్లలో భార్య మొగుడి పేరు పలకదు. పెళ్లయి వచ్చిన రోజు ఆడపడుచులు గడపకు అడ్డం నిలబడి చెప్పించారు. అంతే, మళ్లీ ఆ పేరు నా నోట రాలేదు.

ఉప ఎన్నికలో మొదటి సభ కోహీర్‌లో. పార్టీ మండల అధ్యక్షుడు నా పక్కకు వచ్చి, "అమ్మా, సార్ పేరు జెప్పి ఓటడుగున్రి. గా పేరే మనకు బలం" అన్నాడు. మైకు ముందు నిలబడితే నోరు పెగల్లేదు. జనం చూస్తున్నారు. ఏం చేయాలో తోచక, "ఓటు ఎవరి కోసం ఏస్తరు? మీరే జెప్పున్రి" అన్నాను. వాళ్లంతా ఒక్కసారిగా ఆయన పేరు అరిచారు. నా ఒళ్లు ఝల్లుమంది.

ఇక ఊరూరా అదే. అల్లం చేలల్లో పని ఆపి వచ్చినవాళ్లు, ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, అందరూ నా బదులు పలికేవారు. భలే ఎత్తుగడ అని విలేకరులు రాశారు. ఎత్తుగడా లేదు, మన్నూ లేదు. అత్తగారు కూడా పోయాక మా ఇంట్లో ఆ పేరు పలికే మనిషే మిగల్లేదు. సభకు వెళ్తే వినొచ్చు. అందుకే పొద్దున్నే తయారై కూర్చునేదాన్ని.

గెలిచాను. అసెంబ్లీలో మద్యం దుకాణాల మీద, పెద్దల్ని లెక్కచేయని పిల్లల మీద మాట్లాడితే పక్క సీట్లవాళ్లు ముసిముసిగా నవ్వేవారు. నవ్వుకోనీ అనుకున్నాను. క్వార్టర్స్‌లో పొద్దంతా పనుల కోసం తలుపు తట్టేవాళ్లే, చేతనైనంత చేసి పంపేదాన్ని. తిన్నావా అని అడిగేవాళ్లు మాత్రం లేరు.

మళ్లీ ఎన్నికలు వచ్చాయి. న్యాల్‌కల్ సభలో అలవాటుగా అడిగాను, ఓటు ఎవరి కోసమని. ముందు వరుసలోని కుర్రాళ్లు నా పేరు అరిచారు. వెనకవాళ్లు అందుకున్నారు. సరిగ్గా వినలేదేమో అని ఇంకోసారి అడిగాను. ఇంకా గట్టిగా నా పేరే. అక్కడి పార్టీ మండల అధ్యక్షుడి ముఖం వెలిగిపోయింది.

"ఇగ ఫికర్ లేదమ్మా. మీ పేరు మీదనే గెలుస్తం."

దండం పెట్టి నవ్వాను. ఏడుపు తన్నుకొచ్చింది. వాళ్లను ఏమనగలను? నేను చేసిన పనులకే కదా నన్ను మెచ్చుకుంటున్నారు.

సాయంత్రం కారులో జహీరాబాద్ వైపు బయల్దేరాను. డ్రైవర్ కొత్తవాడు, రాష్ట్ర సరిహద్దు అవతలి ఊరి నుంచి ఈ మధ్యే వచ్చి చేరాడు. ముందు సీట్లో ఇంకెవరూ లేరు. హైవే ఎక్కాక లారీల రొద మొదలైంది. ఆ రొదలో వినపడదులే అనుకుని మెల్లగా ఆయన పేరు పలికాను. ఈసారి కొంచెం గట్టిగా పలికాను.

డ్రైవర్ వేగం తగ్గించి అద్దంలో నా వైపు చూశాడు.

"ఆయన ఎవరమ్మా? ఫోన్ కలపాల్నా?"