అఖ్తర్ అంకుల్ వెళ్లొస్తానంటున్నారు

అఖ్తర్ అంకుల్‌కు వీడ్కోలు చెప్పడం వచ్చు, వెళ్లడం రాదు. సింగపూర్ టోవా పాయోలో ఆయన ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని మూడేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్న నేను, ఈ ఒక్క ఏడాదిలోనే ఐదు వీడ్కోలు విందులు తిన్నాను.

షిప్‌యార్డులో రిటైరయ్యాక ఆయనా కనీజ్ ఫాతిమా ఆంటీ పోర్చుగల్‌లో స్థిరపడాలనుకున్నారు. ఆంటీ ఉబ్బసానికి అక్కడి గాలి పడింది. డిసెంబరులో వెళ్లి ఇద్దరూ నివాస కార్డులు తెచ్చుకున్నారు. ఫ్లాట్ అమ్మేసి వెళ్లిపోదామని జనవరి మొదట్లో తిరిగొచ్చారు. ఆర్నెల్లు దాటి ఆ దేశం బయట ఉంటే ఆ కార్డులకు ముప్పు. అందుకే అంకుల్ రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ "ఇయాల ఎనబయ్యొకటో రోజు" అని ప్రకటించేవారు. సంఖ్య పెరిగేది, మనిషి కదిలేవారు కాదు.

మొదటి విందు ఫిబ్రవరిలో. అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. మర్నాడు అంకుల్ టికెట్ మార్చేశారు.

"ఏమైంది అంకుల్?"

"ఆడ చేప తలకాయలు పారేస్తరంట. గసొంటి దేశానికి తొందరేంది?"

మార్చిలో కిటికీ పక్క సీటు దొరకలేదు. ఏప్రిల్‌లో మోకాలు. మే నెలలో కారణమే చెప్పలేదు, బిర్యానీ మాత్రం పెట్టారు. జూన్‌లో ఐదోసారి పిలిస్తే బెడోక్ నుంచి దశరథరామయ్య గారు బహుమతి లేకుండా, ఖాళీ క్యారేజీతో వచ్చారు.

"ఏందయ్యా ఇది?"

"ఎలాగూ వచ్చే నెలా పిలుస్తావుగా! మా ఆవిడ ఈసారి ఇంటికే తెమ్మంది."

కింద తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్లో కాఫీ పోసే చైనీస్ ముసలాయన అంకుల్‌ని చూడగానే "అంకుల్, స్టిల్ హియర్ ఆ?" అనేవాడు. "నెక్స్ట్ వీక్ లా," అని అంకుల్ దర్జాగా కుర్చీ లాక్కునేవారు.

నూటయాభై రోజులు దాటాక నాకే భయం వేసింది.

"మధ్యలో ఓసారి వెళ్లి రావచ్చుగా అంకుల్? కార్డు పోతే ఆంటీ సంగతేంటి?"

"పోయి వచ్చేటందుకు నేనేమన్న టూరిస్టునా? పోతే పోవుడే. నీ చాప్టర్ సంగతి చెప్పు. అయిందా?"

"ఆఖరిది. గైడు మళ్లీ తిప్పి పంపారు."

"ఆయనకేం పని లేదా?" అని మొహం చిట్లించారు. వీసా ఆఫీసు మీద కూడా ఆయనకు అంత కోపం రాగా చూడలేదు.

నూట డెబ్బై నాలుగో రోజు మధ్యాహ్నం థీసిస్ సమర్పించి ఇంటికొచ్చాను. శనివారం ఖమ్మం వెళ్తున్నానని చెప్పాను. అంకుల్ అభినందించలేదు. నా మాట పూర్తికాకముందే ఫోన్ తీసి విమానాల వాళ్లతో మాట్లాడసాగారు.

"ఆదివారం. ఇద్దరం. కిటికీ వద్దు, ఏ సీటైనా పర్వాలేదు."

ఆంటీ నవ్వాపుకోలేకపోయింది.

"ఇంటివాళ్లు ఉంటనే గది కిరాయికియ్యాలె బేటా, ఈడ రూల్ అట్లనే. మేం పోతే నువ్వు ఖాళీ చెయ్యాలె. 'రాసుకునే పిల్లని మధ్యల ఏడికి పొమ్మంట' అని ఒకటే గోల. ఫ్లాట్ కొనేటోళ్లను ఏప్రిల్ నుంచి ఆపిండు."

"ఝూట్!" అన్నారు అంకుల్ ఫోన్ చెవి నుంచి తీసి. "ఆడ ఇంకా చలి తగ్గలేదని ఆగిన. అంతే."

"జూన్ ఆఖర్లో కూడానా అంకుల్?"

ఆయన నన్నూ ఆంటీనీ మార్చి మార్చి చూసి, గొంతు సవరించుకున్నారు.

"ఇయాల మధ్యాహ్నమే తగ్గిందట."