రెండో ఎర్తు కడ్డీ

మా దివాణం పోయాక నాకు మిగిలినవి నిటారు నడక, ఒక పాత రేడియో. ఆ రేడియోను విప్పి బిగించి వైర్ల పని నేర్చుకున్నాను. గుడివాడ టౌన్‌హాలు నుంచి రేడియోవాళ్లు హరికథను నేరుగా ప్రసారం చేయడానికి వచ్చినప్పుడు, వేదిక మీది మూడు మైకుల వైర్లను వాళ్ల మిక్సరుకు కలిపే పని నాకు అప్పగించారు.

"పని శుభ్రంగా ఉంటే దివిసీమ కార్యక్రమాలకూ మీకే కబురు పెడతాం," అన్నాడు ఇంజనీరు.

పని కోసం ఒకరిని అడగడం మా ఇంటావంటా లేదు. ఆ కబురు వస్తే ఇక ఎవరినీ అడగనక్కరలేదు.

హాల్లో జనానికి వినిపించే లౌడ్‌స్పీకర్లు పామర్రు మైకుసెట్టు అతనివి. అతని తండ్రి మా గుర్రబ్బండి తోలేవాడు. నాకు రావలసిన కబురు మీద అతని కన్ను కూడా ఉందని నా అనుమానం. లేకపోతే నా వైర్ల దగ్గర అన్నిసార్లు తిరగడమెందుకు? ప్రతి అతుకు మీదా తెల్లదారం చుట్టి, నాకు మాత్రమే తెలిసిన ముడి వేశాను. ఎవరు కదిపినా తెలిసిపోతుంది.

అతను పెరట్లో ఇనపకడ్డీ దింపి, ఉప్పునీళ్లు పోసి, తన యాంప్లిఫయరుకు ఎర్తు ఇచ్చుకున్నాడు.

"బాబుగారండీ, మిక్సరుక్కూడా దీన్నించే లాక్కోండి."

అతని కడ్డీ మీద నేను ఆధారపడటమా? హాలుకు అవతలి పక్క నా కడ్డీ వేరే దింపాను.

ప్రసారానికి అరగంట ముందు, మిక్సరు నుంచి అతని యాంప్లిఫయరుకు వైరు కలపగానే బుయ్‌మని రొద. ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి నావైపు చూశాడు.

"నా వైర్లు ఎవరో కదిపారు," అన్నాను, మైకుసెట్టు అతన్నే చూస్తూ.

"మీ ముళ్లు చూసుకోండి మరి," అన్నాడతను.

ముళ్ల సంగతి కూడా కనిపెట్టాడన్నమాట! చూశాను. ఒక్కటీ చెదరలేదు.

అతను నన్ను పెరట్లోకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "రొద వైర్లలో లేదండీ. చెరో పక్క చెరో ఎర్తు పెట్టి, మధ్యన రెంటినీ వైరుతో కలిపాం కదా, దాంతో వచ్చింది. మట్టి దగ్గర కూడా వేరు కాపురమేనా బాబుగారూ?"

నా కడ్డీ వైరు ఊడదీసి, మిక్సరు ఎర్తును అతని కడ్డీకి కలిపాను. రొద ఆగిపోయింది.

"లోపం ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు ఇంజనీరు.

నేను గొంతు సవరించుకునేలోగా అతనే, "బాబుగారేనండి," అనేశాడు. నేను కాదనలేదు.

ఎందుకన్నాడా మాట? నెలరోజులు అదే ఆలోచన. దివిసీమలోని హంసలదీవి కార్యక్రమానికి కబురు నాకే వచ్చింది. ఆ ఉత్తరం పట్టుకుని పామర్రులో బస్సు దిగాను. అతని కొట్టు గుమ్మంలోనే నిలబడి అడిగాను.

"ఆ రోజు ఎందుకలా అన్నావు?"

"మీరు కాదనలేదేం బాబుగారూ?"

ఉత్తరం చేతికిచ్చాను.

"లౌడ్‌స్పీకర్లు నీవే. ఎర్తు కూడా నువ్వే దింపు."

హంసలదీవికి నా కడ్డీ మాత్రం సంచిలో పెట్టుకునే వెళ్లాను.