కాపలా అక్కర్లేని మిరప చేను

పని ఒత్తిడిల నాలుగు రోజులు ఫోన్ల వ్యవసాయం గేమ్ తెరువలే. ఇయ్యాల హన్మకొండల బస్సెక్కినంక తెరిస్తే, నా మిర్చి అట్లనే ఎర్రగ నిలబడి ఉన్నది. ఒక్క కాయ పాడుకాలే. నేను మరిచిపోయినా ఏమననిది ఈ లోకంల ఇదొక్కటే అనిపించింది.

మిర్చి కల్లాల కాడ పెరిగినోళ్లకు యాదికున్నదా? ముక్కుల ఆ ఘాటు, ఎంత కడిగినా మండే చేతులు, మబ్బు కనబడితే కాయ మీద కప్ప టార్పాలిన్ పరదాలు పట్టుకొని ఉరుకుడు!

నాకు పదేండ్లప్పుడు, నెక్కొండ కాడ మా కల్లానికి నన్ను కాపలా పెట్టి అమ్మానాయిన చేన్ల కాయ ఏరవోయిండ్రు. మబ్బు పట్టంగనే ఆరవోసిన కాయ మీద పరదా కప్పి, అంచులకు రాళ్లు పెట్టిన. వాన రాలే. మళ్ల ఎండ దంచింది. నేనేమో మంచిపని చేసిన్నని పరదా తియ్యకుండనే ఆడుకోను పోయిన. పొద్దుమీకి తీస్తే లోపల ఉక్కకు కాయంత చెమటపట్టి మెత్తబడ్డది. తర్వాత సగం తెల్లబడ్డది.

నాయిన కొట్టలే. "వాన పడకున్నా తడిపినవు గద బిడ్డా" అన్నడు. వారం రోజులు కూసోని తెల్లకాయ ఏరిండు.

ఇయ్యాల ఇంటికొచ్చి గేమ్ నాయినకు చూపిచ్చిన. "నాలుగు రోజులు చూడకున్నా ఏం కాలే నాయినా."

"మరి ఎవలు కాపలా ఉన్నరు?"

"ఎవలు లేరు. అక్కర్లేదు."

జరసేపు ఆ ఎర్ర కాయలనే చూసి, ఫోన్ నా చేతిల పెట్టిండు.

"అసొంటి చేను ఉంటదని ఇప్పుడు చెప్తానవా?"