ఆనపపందిరికి కట్టిన ముసుగు

భీమశంకరరావు గారు తన పెరటిని దారిన పోయేవాళ్ల కళ్లకు దాచి, ఫోనులో మాత్రం లోకమంతటికీ చూపించే మనిషి. ఎదురుగా నిలబడి చూస్తే కాయకు దిష్టి తగులుతుందట, ఫోటోలో చూస్తే తగలదట. ఈ శాస్త్రం ఆయనకు ఎవరు చెప్పారో ఆ భగవంతుడికే తెలియాలి.

విశాఖ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికని వయసులో ఉండగా గోదావరి జిల్లా నుంచి వచ్చారు. రిటైరయ్యాక భీమిలి దారిలో, మా వీధి చివర ఇల్లు కట్టుకున్నారు. ఇంటికంటే పెరడు పెద్దది. బెండ, వంగ, గోంగూర, ఒక మామిడి చెట్టు, నూతి పక్కన ఆనపపాదు అల్లుకున్న పందిరి. పని అంతా ఆయన భార్య వెంకటరమణమ్మ గారిది. ఎండెక్కకముందే బెండకాయలు కోసేది ఆమె, పాదులు తవ్వేది ఆమె, మామిడి ఒరుగులు మేడ మీదికి మోసేది ఆమె. ఆయన పనల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నిండిన బుట్టను పట్టుకుని ఫోటో దిగడం. "నా కష్టార్జితం" అని కింద రాసి పాత ఉద్యోగుల గ్రూపులో పెట్టేవారు. ఆ బుట్టను నూతిగట్టు మీదే వదిలేసి లోపలికి వెళ్లిపోయేవారు. కాయలు వంటింట్లోకి చేర్చేది మళ్లీ ఆమే.

చేపలమ్మే పోతమ్మ రోజూ ఆ గేటు ముందునుంచే పోయేది. వీధి కుళాయి దగ్గర చేపలు కడిగిన నీళ్లను పారబోయక సత్తుగిన్నెలో పట్టి తెచ్చి ఆనపపాదు మొదట్లో పోసేది. ఎవరూ అడగలేదు. పాదు అంత ఏపుగా పెరగడంలో ఆ నీళ్లకూ భాగముంది.

ఈ వేసవి చివర, రోహిణి ఎండల్లో, ఒకరోజు ఆమె తలెత్తి పందిరి చూసి, "పాదు బాగా అల్లుకున్నాదమ్మా, సూడ్డానికి ఎంత బాగున్నాదో" అంది. మర్నాడు ఎండకు రెండు పిందెలు పసుపెక్కి రాలిపోయాయి. రావు గారికి అంతే చాలింది. పోతమ్మ కన్నే తగిలిందన్నారు. ఆమె పోసిన నీళ్లు పనికొచ్చాయి, ఆమె కన్ను మాత్రం పనికిరాలేదు. పూర్ణా మార్కెట్‌కు వెళ్లి ఆకుపచ్చ వల కొనుక్కొచ్చి, పందిరిని పైనుంచి కిందదాకా చుట్టబెట్టి, అంచుల మీద ఇటుకలు పేర్చారు. నాలుగు మూలలా నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు. ఒక పాత చెప్పు కూడా వేలాడదీశారు. చూడబోతే ఆ చెప్పే ఆ పెరట్లో ఆయన కాలు మోపిన దానికి గుర్తులా ఉంది.

వల లోపల సాయంత్రం పూట తెల్లగా పూలు విచ్చేవి. బయట తుమ్మెదలు కాసేపు తల బాదుకుని వెళ్లిపోయేవి. పూలమీద వాలేవి లేక పిందెలన్నీ పుట్టినవి పుట్టినట్టే రాలిపోయాయి.

ఇంతలో అమ్మవారి పండగకు అన్నదానం తలపెట్టి, గుడి పెద్ద నీలకంఠం ఇంటింటికీ వచ్చాడు.

"రావుగారూ, బియ్యం రాధమ్మ ఇత్తన్నాది. మీరేటి ఇత్తారు?"

"దప్పళంలోకి ఆనపకాయలన్నీ మావే. ఇంకెవర్నీ తేవద్దని చెప్పెయ్. బజారు కాయ అమ్మవారికి పెడతామా?"

వెంకటరమణమ్మ గారు గుమ్మంలో నిలబడి విన్నారు. ఆయనకది గొప్పకు అన్న మాట. ఆమెకది అమ్మవారి పేరు మీద అన్న మాట, తప్పకూడదు. నీలకంఠం వెళ్లాక నెమ్మదిగా అన్నారు.

"పందిట్లో ఒక్క పిందె లేదండి. అమ్మవారికి ఏం పంపుతాం?"

"దిష్టి పోతే అవే నిలబడతాయి. ఆ పోతమ్మని గేటు దాటనివ్వకు."

"వల తీసేద్దామండి. తుమ్మెద కూడా దూరట్లేదు."

"నీకేం తెలుసే? జీవితమంతా ఫర్నేసు దగ్గర పనిచేసినవాణ్ణి నేను."

ఫర్నేసుకూ ఆనపపాదుకూ చుట్టరికమేమిటో ఆ ఇల్లాలు అడగలేదు.

ఆ వారమే ఆయన తణుకులో మేనకోడలి పెళ్లికి బయలుదేరారు, వల జాగ్రత్తని మరీమరీ చెప్పి. బస్సెక్కిన కబురు ఫోనులో వచ్చాక ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుని, కొడవలి తెచ్చి వలను వీధివైపు నిలువునా కోసేశారు. గేటు బయట పోతమ్మ ఆగిపోయింది.

"అమ్మా, నాను ఇటు సూడొచ్చా? బాబుగారు తిడతారేటో."

"చూడు పోతమ్మా. లోపలికొచ్చి చూడు."

పోతమ్మ బుట్ట దించి లోపలికి వచ్చింది. ఆకుల్లోకి తొంగిచూసి, చూపుడువేలు మడిచి, ఆ మడిచిన కణుపుతో చూపించింది. "అదిగో, ఆకు సాటున కొత్త పిందె. వేలు సాపి సూపిత్తే కుళ్లిపోద్దంటారమ్మా. అందుకే ముడిసినాను." ఆ పిందె చెడిపోకూడదని ఆమెకు అంత జాగ్రత్త. ఎవరి కన్ను చెడ్డదన్నారో ఆమె వేలు అలాంటిది.

రావు గారు పెళ్లి అయ్యాక వ్రతానికి ఆగారు, వ్రతం అయ్యాక మామిడిపళ్లకు ఆగారు. ఇక్కడ పాదు ఆయన కోసం ఆగలేదు. పండగ ముందురోజు ఆయన దిగేసరికి పందిరినిండా లేత ఆనపకాయలు వేలాడుతున్నాయి, వాటి మధ్య చిరిగిన వల పీలికలు.

"వల ఎవరు కోశారు?"

"నేనేనండి."

ఆయన కాయల వంక చూశారు. కోపం మింగి ఫోను తీశారు. "చూశావా, నా నిమ్మకాయలు పనిచేశాయి. రేపు నేనే కోస్తాను. పక్కింటి సాయిశంకర్ వచ్చి వీడియో తీస్తాడు. అందాకా ఎవరూ ముట్టుకోవద్దు."

మర్నాడు వంటవాళ్లు పొయ్యి వెలిగించేది సూర్యోదయానికే. రావు గారు వీడియో కోసం జుట్టుకు రంగు పూసుకుని, తలకు పాత తువ్వాలు చుట్టుకుని, ఆరేదాకా ఫ్యాను కింద కూర్చున్నారు. అమ్మవారి వంట ఆయన జుట్టు ఆరేదాకా ఆగాలన్నది ఆయన లెక్క. వెంకటరమణమ్మ గారు తలంటుకుని పెరట్లోకి వెళ్లి తొడిమలతో సహా కాయలు కోశారు. పోతమ్మ కూడా స్నానం చేసి కొత్త బుట్టతో వచ్చింది. ఇద్దరూ మోసుకుని గుడికి వెళ్లిపోయారు.

కాసేపటికి తువ్వాలు తలతోనే రావు గారు గుడి దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. చెవి మీదికి నల్లరంగు కారుతోంది.

"కాయలేవే?"

"దప్పళంలో ఉన్నాయండి."

"ఫోటోకి ఒక్కటైనా ఉంచలేదా?"

గంగాళం పక్కన కూర్చున్న పోతమ్మ తలెత్తింది. "తొక్కలున్నాయి బాబూ. తీయించుకుంటారేటి?"

కూరలు తరుగుతున్న ఆడవాళ్లు పైటలు నోటికడ్డం పెట్టుకున్నారు. నీలకంఠం ఆయన భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు. "చెవి తుడుసుకోండి రావుగారూ, అమ్మోరు సూత్తన్నాది."

మధ్యాహ్నం విస్తళ్లు వేశారు. రావు గారు మొదటి పంక్తిలోనే కూర్చున్నారు, పక్కవాడికి అవి తన పెరటి కాయలని చెబుతూ. వెంకటరమణమ్మ గారు దప్పళం బకెట్టుతో వరసగా వడ్డిస్తూ వచ్చారు. ప్రతి విస్తట్లో ఒక గరిటె, రెండు ముక్కలు. ఆయన దగ్గరికి వచ్చినప్పుడూ ఒక గరిటె, రెండు ముక్కలే వేసి పక్క విస్తరికి వంగారు.