తండ్రుల్ని చూసే రదామెస్

"మా ఆయన పొట్టివాడైతే నీకేంటయ్యా నష్టం? బంతి కొట్టేది మా ఆయనా, నా కొడుకా?"

దామారిస్ గొంతు కిరాణా కొట్టు దాటి చక్కెర మిల్లు గేటు దాకా వినిపిస్తోంది. ఎదురుగా రదామెస్ లుగో చల్లటి సీసా చేత్తో పట్టుకుని, తాగాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డాడు.

"అరవకమ్మా. కొట్టడం గురించి నేనేమన్నా అన్నానా?"

"మరి దేని గురించి అన్నావు? ఇంటికొచ్చావు. కాఫీ ఇస్తే తాగావు. మా ఆయన్ని గుమ్మం పక్కన నిలబెట్టి, పైనుంచి కిందికి చూసి, తల అడ్డంగా ఊపి పోయావు. గొడ్డును కొనేవాడు కూడా పళ్ళు చూసి ఊరుకుంటాడు."

"పళ్ళు కూడా చూసే ఉంటాడు, అడుగు," అన్నాడు అరుగు మీద డామినో ఆడుతున్న చిచీ ముసలాయన. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. ఆయనకి అది చాల్లేదు. "ఒరేయ్ రదామెస్, తీరికైనప్పుడు మా నాన్నని కూడా చూసిపోరా. సమాధిలో ఉన్నాడు గానీ మంచి పొడగరి."

రదామెస్ అటు తిరగలేదు.

"చూడు దామారిస్. మీ విల్మిన్ చేతులు మంచివి, కాళ్ళు మంచివి. కాదనను. కానీ శనివారం ఓర్దాస్ వస్తున్నాడు. వచ్చి ముందడిగే మాట, వీడింకా ఎంత పెరుగుతాడని. నేనేం చెప్పను?"

"పెరుగుతాడని చెప్పు."

"ఎవర్ని చూసి పెరుగుతాడు?"

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అన్నాక తెలిసింది. దామారిస్ పచ్చి అరటికాయల సంచి భుజానికెత్తుకుంది. "నువ్వెవర్ని చూసి ఇలా తయారయ్యావో ముందు అది కనుక్కో," అని చక్కా పోయింది. చిచీ ముసలాయన ముక్కని బల్ల మీద ఠపీమని కొట్టాడు.

రదామెస్‌ది కుర్రాళ్ళని చూసే పని. మా ఊరు కాన్సువెలోలో గానీ చుట్టుపక్కల చెరకు బస్తీల్లో గానీ బేస్‌బాల్ బాగా ఆడే కుర్రాడెవడైనా ఉంటే ముందు అతనికే తెలుస్తుంది. నచ్చితే, ఒక అమెరికా జట్టు కోసం మయామి నుంచి వచ్చిపోయే ఓర్దాస్‌కి కబురు పెడతాడు. పదహారు నిండిన కుర్రాడు ఓర్దాస్ కంట్లో పడితే కాగితాల మీద సంతకాలవుతాయి, ఆ ఇంటికి రేకులు పోయి సిమెంటు కప్పు వస్తుంది. పడకపోతే మరుసటి ఏటికి పాతబడతాడు. పద్దెనిమిది దాటాక మా దగ్గర వాడు ముసలివాడి కిందే లెక్క. ఆ తర్వాత మిల్లు, లేకపోతే మనుషుల్ని దింపే మోటార్ సైకిల్.

అతనూ ఒకప్పుడు సంతకం పెట్టినవాడే. పిచర్ విసిరే బంతుల్ని బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని పట్టేవాడు. కుడి చేతి వేళ్ళు విరిగి వంకరగా అతుక్కున్నది ఆ రోజుల్లోనే. ఒక వేసవి ఫ్లోరిడాలో ఉంచుకుని వెనక్కి పంపేశారు. ఎందుకు పంపారని ఎవరైనా అడిగితే, "నాకన్నా బాగా ఆడేవాళ్ళు అక్కడ ఉన్నారు," అంటాడు. వెనక్కొచ్చిన వాళ్ళు మా ఊళ్ళో వీధికొకడున్నాడు. ఒకడికి మోకాలు అడ్డొచ్చింది, ఒకడికి భుజం, ఇంకొకడికి శిక్షకుడి కుళ్ళు. బాగా ఆడలేకపోయానని చెప్పేది రదామెస్ ఒక్కడే. అతని మాట మీద ఇప్పటికీ కాస్తో కూస్తో గురి మిగిలిందంటే అందువల్లే.

మైదానంలో అందరూ బ్యాటు పట్టినవాడి వెనక గుమిగూడితే, అతను దూరంగా కంచె దగ్గర నిలబడతాడు. బంతి తమవైపు రానప్పుడు కుర్రాళ్ళ పాదాలు ఏం చేస్తున్నాయో చూస్తాడు. కావాలనే రాళ్ళున్న చోటికి బంతి కొట్టి, అది ఎగిరి గడ్డానికి తగిలాక మరుసటి బంతికి ఎవడు మొహం తిప్పుకుంటాడో చూస్తాడు. ఇక్కడ పుట్టిన ప్రతివాడూ షార్ట్‌స్టాపే. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్యనుండే ఆ చోటు తప్ప ఇంకోచోట నిలబడమంటే తల్లులు పోట్లాటకొస్తారు. ఎవణ్ణి ఎక్కడికి మార్చాలో మనసులోనే అనుకుని, నోరు మూసుకుని, సాయంత్రం వాళ్ళింటికి బయల్దేరతాడు.

ఇంటికెళ్ళడమే అతని పనిలో అసలు భాగం. పదిహేనేళ్ళ కుర్రాడి ఒళ్ళు చూస్తే ఆ రోజు ఒళ్ళే కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళకి ఏమవుతాడో చూడాలంటే కన్నవాళ్ళని చూడాలి. అన్నదమ్ముల చెప్పులు, తల్లి మణికట్టు, తండ్రి ఎత్తు. ఇందులో మర్యాదేమీ లేదు. గొడ్లసంత పద్ధతే, దామారిస్ అన్నదాంట్లో తప్పేం లేదు. కాకపోతే ఆ సంతలో తమ కొడుకుని నిలబెట్టడానికి ఇక్కడ ప్రతి తల్లీ తెల్లారకముందే లేస్తుంది.

అతనికి అంటిన మచ్చ కూడా ఇంటికెళ్ళి తెచ్చుకున్నదే.

ఎస్మెర్లిన్ అని ఒక కుర్రాడు. మంచి చెయ్యి, విసిరితే బంతి ఈల వేసేది. రదామెస్ వాళ్ళ బస్తీకి వెళ్ళాడు. గుమ్మంలో కూర్చున్న మనిషి పీపాలా ఉన్నాడు, లేచి నిలబడ్డా పెద్ద తేడా రాలేదు. కుర్రాడు ఆయన్ని నాన్నా అన్నాడు, బస్తీ అంతా ఆయన్ని ఎస్మెర్లిన్ నాన్న అంది. రదామెస్ అన్నం తిని, వందనం చెప్పి వచ్చేసి, ఈ కుర్రాడు వద్దని ఓర్దాస్‌కి చెప్పాడు. ఆ పీపా మనిషి కుర్రాణ్ణి ఉయ్యాల నాటి నుంచి పెంచినవాడు మాత్రమేనని తర్వాత తెలిసింది. కన్నవాడు లా రొమానా ఓడరేవులో మూటలు మోసేవాడు, గుమ్మాల్లోంచి తల వంచుకుని దూరేంత మనిషి. ఈ సంగతి ఎవరూ దాచలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. మాలో పెంచినవాడే తండ్రి. కన్నవాడెవడని ఇంటికొచ్చినవాడు అడిగితే కొట్టి పంపుతారు.

ఏడాది తిరిగేసరికి ఎస్మెర్లిన్ తాటిచెట్టులా లేచాడు. వేరే జట్టు పట్టుకుపోయింది. ఇప్పుడు టీవీలో కనిపిస్తాడు. అతను బంతి విసరడానికి వచ్చిన ప్రతిసారీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు, "వీడి నాన్న ఎత్తెంత?" అని గట్టిగా అడుగుతారు.

ఓర్దాస్ అప్పుడు కేకలేమీ వెయ్యలేదు. "ఇంకోసారి తండ్రిని చూసేటప్పుడు, ఏ తండ్రో అడుగు," అన్నాడంతే. ఈ ఏడు మాత్రం ఫోన్‌లో సూటిగానే చెప్పాడు. "రదామెస్, నాకు కథలొద్దు. పొడుగైనవాళ్ళని చూపించు. ఈసారి నీ మాట మీద తీసుకున్నవాడు తేలిపోతే, హతో మయోర్‌లో ఒక కుర్రాడున్నాడు, పని అతనికి ఇస్తాను." అరవై దగ్గర పడుతున్న మనిషికి ఈ పని పోతే, చిచీ ముసలాయన పక్కన కుర్చీ తప్ప ఇంకేం లేదు.

అందుకే విల్మిన్ విషయంలో అతనికి నిద్ర పట్టడం లేదు. తండ్రి ఫ్రెమియో పొట్టి. తాత పొట్టి. కుర్రాడిది ఇప్పటికే తండ్రి ఎత్తు, గడ్డం మీద వెంట్రుకలు గట్టిపడ్డాయి. పెరగాల్సింది పెరిగేశాడు. ఓర్దాస్ శనివారం ఒక్కసారి చూసి పక్కకి తిరుగుతాడు. ఆ తర్వాత విల్మిన్‌ని చూడ్డానికి ఎవరూ రారు.

గురువారం పొద్దున దామారిస్ మళ్ళీ వచ్చింది. ఈసారి గొంతు చిన్నది చేసుకుని, పెరటి వైపు నుంచి వచ్చింది. రదామెస్ భార్య నేరిస్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని పచ్చి కందికాయలు ఒలుస్తోంది.

"నేరిస్ అక్కా, కాస్త లోపలికెళ్తావా?"

"నా ఇంటికొచ్చి నన్నే లోపలికి పంపుతావా? నీ మాట నువ్వు చెప్పుకో. నాకు చెవుల్లేవనుకో."

దామారిస్ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గౌను మడతలు పట్టుకుంది.

"అన్నా, విల్మిన్ ఫ్రెమియో కొడుకు కాదు."

నేరిస్ చేతిలో కాయ ఆగిపోయింది.

"ఎల్ సెయిబో వాడొకడు. మిల్లుకి చెరకు లారీ తోలేవాడు. పొడుగు. చాలా పొడుగు. ఫ్రెమియోతో కాపురానికి ముందు సంగతి."

"పేరేంటి?"

"పేరెందుకు నీకు? పొడుగు చాలదా?"

ఒక్క క్షణం రదామెస్‌కి ప్రాణం లేచొచ్చింది. అన్నీ సరిపోతున్నాయి. ఎస్మెర్లిన్ కథే మళ్ళీ, ఈసారి సంగతి ముందే తెలిసింది. ఓర్దాస్‌కి ఈ ముక్క చెబితే చాలు. కుర్రాడు గట్టెక్కుతాడు, తన పని నిలుస్తుంది, కొట్టు దగ్గర నోళ్ళు మూతబడతాయి.

తర్వాత అతనికి నిన్న సాయంత్రం మైదానం గుర్తొచ్చింది. బంతి రాబోయే ముందు విల్మిన్ ఎడమ మడమ కొంచెం లేస్తుంది, కుడి భుజం కిందికి వాలుతుంది. బంతి గ్లౌజుకి తగలడమూ, రెండో చేతిలోంచి వెళ్ళిపోవడమూ ఒకటే కదలిక. నిప్పుకణికని పట్టినవాడు వదిలినట్టు వదులుతాడు. కాన్సువెలోలో అలా పట్టినవాడు ఇంకొక్కడే ఉన్నాడు. మిల్లు జట్టులో రెండో బేస్ దగ్గర ఫ్రెమియో. ఫ్లోరిడా నుంచి తిరిగొచ్చాక అదే జట్టులో వెనక కూర్చుని బంతులు పడుతూ రదామెస్ ఆ మడమని ఏళ్ళ తరబడి చూశాడు. ఎవరో నేర్పారనుకోవడానికి కూడా లేదు. విల్మిన్ నడక నేర్చేలోపే ఫ్రెమియో ఆట వదిలేసి మనుషుల్ని దింపే బండి ఎక్కాడు, ఇక దిగలేదు.

"ఈ మాట ఫ్రెమియోకి తెలుసా?"

దామారిస్ కందిగింజల వంక చూసింది. "తెలుసు," అని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

"అబద్ధం," అంది నేరిస్.

"నాకు తెలుసు."

"నీకు మడమలు చూస్తే తెలిసింది. నాకు ఆ పిల్ల మొహం చూస్తే తెలిసింది. పైగా ఒక పేరు కూడా ఆలోచించుకోకుండా వచ్చింది పాపం."

సాయంత్రం ఫ్రెమియో బండి ఆగింది. దిగి, హెల్మెట్ తీసి, గుమ్మం బయటే నిలబడ్డాడు. రదామెస్ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"దామారిస్ చెప్పిందా?"

"చెప్పింది."

"నమ్మావా?"

"లేదు."

"ఎందుకు? సరిగ్గా చెప్పలేదా? నిన్నంతా కూర్చోబెట్టి నేర్పానురా. ఎల్ సెయిబో అనమంది నేనే. అక్కడివాళ్ళు ఇక్కడెవరూ లేరు కదా, కనుక్కోలేరని."

రదామెస్ గుమ్మం దాటి వచ్చి గొంతు తగ్గించాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఈ మాట చిచీ చెవిన పడితే నువ్వీ ఊళ్ళో బండి తోలగలవా? ఎక్కినవాడల్లా వెనక కూర్చుని నవ్వుతాడు."

"నవ్వనీ. వెనకున్నవాడి మొహం నాకు కనపడదుగా."

"కుర్రాడికేం చెప్తావు?"

"సంతకమయ్యాక చెప్తాను, ఇదంతా అబద్ధమని."

"అప్పుడు నమ్ముతాడా?"

ఫ్రెమియో హెల్మెట్‌ని అటూ ఇటూ తిప్పాడు. అంతదూరం ఆలోచించినట్టు లేడు.

"నువ్వు అవునంటే చాల్రా," అన్నాడు చివరికి. "ఒక్క మాట. శనివారం నేనటు రాను. నన్ను చూడకపోతే ఆయనకెలా తెలుస్తుంది? నీ మాట పోయిందంటున్నారు, ఇదొక్కటి నిజమైందంటే మళ్ళీ వస్తుంది. నీకూ మంచిదే కదా."

రదామెస్ మహాత్ముడేమీ కాదు. కుర్రాళ్ళ వయసు దగ్గర చూసీ చూడనట్టు ఊరుకున్న రోజులు అతనికీ ఉన్నాయి. ఇప్పుడు అవునంటే అడ్డుపడేవాడెవడూ లేడు. కానీ ఆ తర్వాత జరగబోయేది అతని కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. పొడుగవుతాడని తీసుకున్నవాణ్ణి పొడుగు కోసమే చూస్తారు. నెలనెలా గోడకి నిలబెట్టి కొలుస్తారు. గోడ మీద గీత కదలకపోతే ఫ్లోరిడా నుంచి విమానం ఎక్కిస్తారు. ఆ మడమని గానీ, నిప్పుని వదిలినట్టు బంతిని వదిలే ఆ చేతిని గానీ ఒక్కడూ చూడడు.

"నీ కొడుకు పెరగడు ఫ్రెమియో," అన్నాడు. "షార్ట్‌స్టాప్ కూడా కాదు. వాడిది రెండో బేస్, అక్కడ పొడుగుతో పని లేదు, చేతి వేగం చాలు. ఓర్దాస్‌కి నేను ఇదే చెప్పబోతున్నాను."

"అంటే పోయినట్టే."

"పోవచ్చు. నా పని కూడా పోవచ్చు. హతో మయోర్‌లో ఎవడో కాచుక్కూర్చున్నాడట."

"మరెందుకురా ఈ మొండితనం?"

"పొడుగని అమ్మితే వాడు వట్టి పొట్టివాడు. రెండో బేస్ అని చూపిస్తే ఈ జిల్లాలో వాడంతటివాడు లేడు. చూసేవాడికి కళ్ళుంటే చూస్తాడు, లేకపోతే లేదు."

లోపల నేరిస్ గిన్నెలు సర్దుతోంది. ఫ్రెమియో హెల్మెట్ తలకి పెట్టుకోబోయాడు.

"ఆగు. శనివారం నువ్వు రావాలి. నీ గ్లౌజు ఉందా?"

"ఎలకలు కొరికి ఎన్నేళ్ళయిందో. ఎందుకు?"

"ఎవరిదో ఒకరిది ఇప్పిస్తాను. ఓర్దాస్ ఎలాగూ తండ్రేడి అంటాడు. నువ్వూ వాడూ రెండో బేస్ దగ్గర పక్కపక్కన నిలబడండి. బంతులు నేనే కొడతాను. ముందు నీకు, తర్వాత వాడికి. మళ్ళీ నీకు, మళ్ళీ వాడికి. ఈసారి ఆయన తండ్రి ఎత్తు కాదు, తండ్రి చెయ్యి చూడాలి."

"నాకు మోకాళ్ళు వంగవురా. ఊరంతా చూస్తుంటే..."

"నీ మోకాళ్ళు నాకక్కర్లేదు. పరిగెత్తొద్దు, ఒంగొద్దు, నీ చేతికే కొడతాను. ఒక్క సాయం చెయ్యి. జారిపోతుందేమోనని భయపడి బంతిని పొట్టకి హత్తుకోకు. మిల్లు జట్టులో ఎలా పట్టేవాడివో, అలా పట్టు."